ముందు ఒళ్లు, తర్వాత ఇల్లు: పెంపుడు కుక్కల కుంగుబాటుపై సమీక్ష

పశువైద్యుడి దగ్గరికి కుక్కను తీసుకొచ్చేవాళ్లు చెప్పే మొదటి మాట చాలాసార్లు ఒకటే: "డాక్టరు గారూ, రెండు మూడు రోజులుగా డల్‌గా ఉందండీ." గిన్నెలో పెట్టింది పెట్టినట్టే ఉంది. గేటు చప్పుడైనా లేవడం లేదు. బెల్టు చేతిలోకి తీసుకోగానే గంతులేసే కుక్క సోఫా కింది నుంచి కదలడం లేదు. దీనికి ఇళ్లల్లో ఇప్పుడు రెండు జవాబులు సిద్ధంగా ఉంటున్నాయి. పాత జవాబు: కుక్కకు మనసేమిటి, రెండు రోజులు పస్తుంటే అదే తింటుంది. కొత్త జవాబు: దీనికి డిప్రెషన్ వచ్చింది, ఏదైనా బిళ్ల రాయండి. మొదటిది కుక్కకు బాధే లేదంటుంది. రెండోది ఆ బాధ ఏమిటో తెలుసుకోకుండానే పేరు పెట్టేస్తుంది. రెండు విధాలా నష్టపోయేది కుక్కే.

కుక్కల కుంగుబాటు గురించి శాస్త్రం ఏం తేల్చింది, ఏది తేల్చలేకపోయింది, ఇంట్లో మనం చేయగలిగింది ఎంత అన్నది ఈ వ్యాసంలో చూద్దాం. పరిశోధనలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వరస స్పష్టంగా కనిపిస్తుంది. ముందు ఒంట్లో జబ్బేమీ లేదని తేల్చుకోవాలి. తర్వాత ఆ కుక్క ఉంటున్న ఇంటిని, అది గడుపుతున్న రోజును పరిశీలించాలి. మనసుకు మందు మాట ఆ రెండూ అయ్యాకే. ఈ వరస తారుమారైతే వైద్యం దారి తప్పుతుంది.

కుక్కకు దిగులు ఉంటుందా?

చార్లెస్ డార్విన్ 1872లో మనుషుల్లోనూ జంతువుల్లోనూ భావాలు ఎలా బయటపడతాయో వివరిస్తూ పుస్తకం రాశాడు. అందులో తన ఇంటి కుక్కనే ఒక ఉదాహరణగా చూపించాడు. షికారుకు వెళ్తున్నామని హుషారుగా ముందు నడిచే ఆ కుక్క, యజమాని దారి మళ్లి మొక్కల గాజుగది వైపు తిరగగానే తల, చెవులు, తోక అన్నీ ఒక్కసారిగా వాల్చేసేదట. ఇంట్లోవాళ్లు ఆ మొహానికి ఒక పేరు కూడా పెట్టుకున్నారు. తర్వాత వచ్చిన ప్రవర్తనావాదులు జంతువుల మనసు గురించి మాట్లాడడమే అశాస్త్రీయం అన్నారు. ఆ పట్టు సడలడానికి చాలా దశాబ్దాలు పట్టింది.

ఈ విషయంలో అన్నిటికంటే బరువైన సాక్ష్యం 1967 నాటిది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే యువ పరిశోధకులు కుక్కలను మూడు జట్లుగా విడదీశారు. మొదటి జట్టు కుక్కలు కరెంటు షాకు తగిలినప్పుడు తలతో పక్కనున్న పలకను నొక్కితే అది ఆగిపోయేది. రెండో జట్టుకూ అంతే షాకు, అంతే సేపు తగిలేది, కానీ ఆ కుక్కలు ఏం చేసినా ఆగేది కాదు. మూడో జట్టుకు షాకే లేదు. మర్నాడు అన్నిటినీ మధ్యలో చిన్న అడ్డుగోడ ఉన్న పెట్టెలో వదిలారు. గోడ దూకితే షాకు తప్పుతుంది. మొదటి, మూడో జట్ల కుక్కలు త్వరలోనే దూకడం నేర్చుకున్నాయి. రెండో జట్టులో చాలా కుక్కలు కాసేపటికి ప్రయత్నమే మానేసి, మూలుగుతూ కూలబడి షాకును భరించాయి. దీనికి వాళ్లు పెట్టిన పేరు 'నేర్చుకున్న నిస్సహాయత'. మనుషుల కుంగుబాటును అర్థం చేసుకోవడానికి ఆ తర్వాత దశాబ్దాల పాటు ఈ నమూనానే వాడారు. అంటే మన కుంగుబాటు గురించి మనకు తెలిసినదాంట్లో కొంత, కుక్కలు బాధపడి నేర్పినదే.

ఈ కథలో మిగతా సగం అంతగా ప్రచారంలోకి రాలేదు. 1968లో అదే బృందం, చతికిలబడిన ఆ కుక్కలను తాడుతో పట్టి మళ్లీ మళ్లీ గోడ అవతలికి నడిపించింది. మొదట్లో బలవంతంగా ఈడ్చాల్సి వచ్చిన కుక్కలు, అలా చాలాసార్లు జరిగాక వాటంతటవే దూకడం మొదలుపెట్టాయి. అర్ధశతాబ్దం గడిచాక, 2016లో, ఇద్దరు శాస్త్రవేత్తలూ కలిసి తమ సిద్ధాంతాన్నే సవరించుకున్నారు. ఎలుకల మెదడు మీద జరిగిన పరిశోధనలను బట్టి, తప్పించుకోలేని బాధ చాలాసేపు తగిలితే చతికిలబడడం ప్రాణికి పుట్టుకతో వచ్చిన స్పందనేనని, దానిని ఎవరూ నేర్పనక్కర్లేదని రాశారు. నేర్చుకోవాల్సింది 'నేను చేసే పనివల్ల ఏదో ఒకటి మారుతుంది' అన్న నమ్మకాన్ని. కుక్కల కుంగుబాటుకు ఇంటి వైద్యమంతా ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతుంది.

తర్వాతి పరిశోధనలు ఇంత క్రూరమైనవి కావు. నాడీశాస్త్రజ్ఞుడు యాక్ పాంక్‌సెప్ 1998లో వెలువడిన తన గ్రంథంలో, భయం, వెతుకులాట, ఆట, ఎడబాటు దుఃఖం లాంటి మూల భావాలకు ఆధారమైన వలయాలు మెదడు లోతుల్లో ఉంటాయని, పాలిచ్చే జంతువులన్నిటిలోనూ అవి ఇంచుమించు ఒకే రకమని వాదించాడు. 2012లో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ బర్న్స్ బృందం, మత్తు ఇవ్వకుండానే ఎంఆర్ఐ యంత్రంలో కదలకుండా ఉండేలా కుక్కలకు తర్ఫీదు ఇచ్చింది. తినడానికి ఏదో వస్తుందని చెప్పే చేతిసైగ చూడగానే వాటి మెదడులో స్పందించింది కాడేట్ అనే భాగం. మనుషుల్లోనూ ఆశతో ఎదురుచూసేటప్పుడు స్పందించేది అదే.

దిగులుకు మరీ దగ్గరగా వచ్చిన ప్రయోగం ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయానిది. 2010లో మైక్ మెండల్ బృందం ఆశ్రయ కేంద్రాల్లోని 24 కుక్కలను తీసుకుంది. గదిలో ఒక పక్క పెట్టిన గిన్నెలో ఎప్పుడూ తిండి ఉంటుందని, రెండో పక్క పెట్టిన గిన్నె ఎప్పుడూ ఖాళీయేనని వాటికి నేర్పారు. ఆ తర్వాత రెండింటికీ నడుమ ఒక గిన్నె పెట్టారు. ఒంటరిగా వదిలితే ఎక్కువ గోల చేసే కుక్కలు ఆ గిన్నె వైపు నెమ్మదిగా వెళ్లాయి. ఏమీ ఉండదులే అన్నట్టుగా. కుంగిన మనుషులు కూడా ఎటూ తేలని సంగతిని చెడుగానే ఊహిస్తారు.

కుక్కకు అచ్చం మనకు వచ్చే కుంగుబాటే వస్తుందని ఇవేవీ నిరూపించవు. తన బతుకు ఇంతేనని కుక్క రాత్రుళ్లు కుమిలిపోతుందనడానికి ఆధారం లేదు. కానీ ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం, చెడునే ఊహించడం, ప్రయత్నం మానేయడం అనే మూడూ కుక్కలోనూ ఉంటాయని ఇవాళ గట్టిగా చెప్పవచ్చు.

పేరు పెట్టడంలో చిక్కు

మనిషికి కుంగుబాటు ఉందని వైద్యుడు తేల్చేది చాలావరకు ఆ మనిషి చెప్పే మాటల మీద ఆధారపడి. కుక్క నోరు విప్పి చెప్పలేదు. అందుకే పశువైద్యంలో కుంగుబాటుకు అందరూ ఒప్పుకున్న కొలబద్ద ఇప్పటికీ లేదు. ఎడబాటు ఆందోళన, శబ్దాల భయం, ముసలితనపు మతిమరుపు లాంటివాటిని మాత్రం కొంత కచ్చితంగా గుర్తుపడుతున్నారు.

మొహం చూసి మనసు చెప్పేస్తామన్న ధీమా కూడా నిలిచేది కాదు. న్యూయార్క్‌లో పనిచేసే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో 14 పెంపుడు కుక్కలతో ఒక చిన్న పరీక్ష చేసింది. తినొద్దన్నది తిన్నాక కుక్క పెట్టే 'తప్పు చేసిన మొహం' నిజంగా తప్పు తెలిసి పెట్టేదేనా అన్నది ప్రశ్న. తిన్న కుక్కా తినని కుక్కా కూడా యజమాని తిట్టినప్పుడు ఆ మొహమే పెట్టాయి. అది కోపానికి జవాబు తప్ప నేరం ఒప్పుకోవడం కాదు. మనం విచారం అనుకునే మొహాల్లో కొన్ని భయం కావచ్చు, కొన్ని నొప్పి కావచ్చు.

ఇంట్లోవాళ్లకు ఉన్న ఆధారం పోలిక. పక్కింటి కుక్కతో పోల్చకూడదు, ఆ కుక్కను నిన్నమొన్నటి దానితోనే పోల్చాలి. తిండి తగ్గడం, ఆట మానేయడం, షికారుకు ఉత్సాహం పోవడం, ఇంట్లోవాళ్లు వచ్చినా ఎదురు రాకపోవడం, మంచం కిందో బాత్రూమ్ మూలో నక్కడం, నిద్రవేళలు మారడం, కాళ్లు అదేపనిగా నాకడం, ఊరికే చిరాకుపడి గుర్రుమనడం చూడాల్సిన గుర్తులు. ఎదిగిన కుక్క రోజుకు 12 నుంచి 14 గంటలు నిద్రపోవడం మామూలే కాబట్టి ఎక్కువ పడుకుంటోందన్న ఒక్క కారణంతో కంగారు పడక్కర్లేదు. మెలకువగా ఉన్న గంటల్లో ఏం చేస్తోందన్నదే అసలు సంగతి.

ఎడబాటు ఆందోళనను కుంగుబాటుతో కలపకూడదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రమే అరవడం, తలుపు గీకడం, చొంగ కార్చడం, ఎప్పుడూ లేనిది గదిలోనే మూత్రం పోయడం, అదీ మనం బయటికి వెళ్లిన కాసేపటికే మొదలవడం దాని లక్షణాలు. పాత ఫోను ఒకటి బీరువా మీద పెట్టి రికార్డు చేస్తే ఈ తేడా ఒక్క పూటలో తెలిసిపోతుంది. ఆ వీడియో డాక్టరుకు మన వర్ణన కంటే ఎక్కువ పనికొస్తుంది.

ముందు ఒళ్లు

మన ప్రాంతంలో డల్‌గా ఉన్న కుక్క విషయంలో మొదట అనుమానించాల్సింది పిడుదుల జ్వరాన్ని. కుక్కల ఒంటిమీద, గోడల పగుళ్లలో కనిపించే గోధుమరంగు పిడుదులు ఎర్లీకియా, బబేసియా అనే సూక్ష్మజీవులను ఎక్కిస్తాయి. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, బబేసియా అయితే ముదురు రంగు మూత్రం దాని గుర్తులు. ఎర్లీకియా కొన్ని కుక్కల్లో నెలల తరబడి నిద్రాణంగా ఉండి, బరువు తగ్గడం, నీరసం తప్ప ఇంకేమీ కనిపించకుండా సాగుతుంది. పైకి చూస్తే అచ్చం బెంగ పెట్టుకున్న కుక్కే. ఒక రక్తపరీక్షతో బయటపడే జబ్బును మనసు జబ్బని వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో మరో రెండు సంగతులు చూడాలి. హీట్ అయిన రెండు నెలలకు కొన్నిటికి ఉత్తుత్తి చూలు వస్తుంది. మూలన గుడ్డలు పోగేసుకుని, బొమ్మను పిల్లలా కాపాడుకుంటూ, తిండి మానేసి ముభావంగా ఉంటాయి. ఇది చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. హీట్ అయిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము పట్టడం మాత్రం అలాంటిది కాదు. విపరీతంగా నీళ్లు తాగడం, వాంతులు, నీరసం కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

నడివయసు లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, డాబర్‌మన్లు మందకొడిగా మారి, తిండి పెరగకుండానే ఒళ్లు చేసి, వెంట్రుకలు పలచబడుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. ఇందులో ఒక మెలిక ఉంది. వేరే ఏ జబ్బు ఉన్నా రక్తంలో టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ తగ్గి కనిపించవచ్చు. కాబట్టి ఒక్క టీ4 అంకె చూసి జీవితాంతం మాత్రలు మొదలుపెట్టకుండా టీఎస్‌హెచ్ లాంటి పరీక్షలతో కలిపి చూడాలి.

అన్నిటికంటే ఎక్కువగా కళ్లు గప్పేది నొప్పి. కుక్కలు నొప్పిని అరిచి చెప్పడం తక్కువ. మెట్లెక్కడం మానేయడం, సోఫా మీదికి గెంతకపోవడం, నిమిరితే పక్కకు జరగడం వాటి భాష. ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ మిల్స్, సహచరులు 2020లో ప్రచురించిన సమీక్షలో, ప్రవర్తన బాగాలేదని తమ దగ్గరికి వచ్చిన కేసుల్లో తక్కువలో తక్కువ మూడో వంతుకు ఏదో ఒక నొప్పి తోడై ఉందని రాశారు. కొన్ని చోట్ల ఆ లెక్క 80 శాతం దాకా ఉంది. తుంటి కీలు లోపాలు ఎక్కువగా ఉండే జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ జాతులు మన ఊళ్లల్లో ఎన్ని ఉన్నాయో తెలిసిందే.

ముసలి కుక్కల సంగతి వేరు. రాత్రంతా తిరగడం, గోడవైపు చూస్తూ నిలబడిపోవడం, తెలిసినవాళ్లను పట్టించుకోకపోవడం మెదడు అరుగుదల లక్షణాలు. కాలిఫోర్నియాలో జరిగి 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్ల కుక్కల్లో 68 శాతానికి ఇలాంటి లక్షణం కనీసం ఒకటి ఉంది. చూపు, వినికిడి తగ్గినా కుక్క ముడుచుకుపోతుంది. అది దిగులు కాదు, జాగ్రత్త.

గడువు మాటకు వస్తే, ఎదిగిన కుక్క ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టరుకు చూపించాలి. కూనల విషయంలో అంతసేపు కూడా ఆగకూడదు. పార్వో వైరస్ ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీయగలదు.

తర్వాత ఇల్లు

ఒళ్లు బాగుందని తేలాక చూడాల్సింది ఇంట్లో ఏం మారిందని. కుక్క కుంగడానికి చాలాసార్లు కారణం ఎవరో లేకపోవడమే. తెలుగు ఇళ్లల్లో దీని రూపం అందరికీ తెలిసిందే. కొడుకో కూతురో ముద్దుగా తెచ్చుకున్న కుక్కను తల్లిదండ్రులకు వదిలి అమెరికా వెళ్లిపోతారు. పెంచినవాళ్లు కనిపించరు. రోజూ సాయంత్రం తిప్పే మనిషి లేడు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు దాన్ని బాల్కనీ దాకానే తిప్పగలరు. పోయింది ఒక మనిషే అనిపిస్తుంది గానీ కుక్క లెక్కలో రోజు మొత్తం పోయింది.

తోటి కుక్క చనిపోయినప్పుడు మిగిలినదానికి ఏమవుతుందన్నది ఇటలీ పరిశోధకులు 426 మంది యజమానులను అడిగి తెలుసుకున్నారు. 2022లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం 86 శాతం మంది బతికున్న కుక్క ప్రవర్తన దెబ్బతిందని చెప్పారు. ఆట తగ్గిందన్నవాళ్లు 57 శాతం, తిండి తగ్గిందన్నవాళ్లు 32 శాతం. అన్నిటికంటే ఎక్కువమంది, 67 శాతం, చెప్పింది కుక్క తమను అంటిపెట్టుకుని తిరుగుతోందని. రెండు కుక్కలూ ఎన్నేళ్లు కలిసి ఉన్నాయన్నదాని కంటే వాటి మధ్య స్నేహం ఎంతన్నదే ముఖ్యమని తేలింది. యజమాని దుఃఖం ఎక్కువగా ఉన్న ఇంట్లో కుక్కలో మార్పూ ఎక్కువే. ఇది యజమానులు చెప్పిన మాట కాబట్టి ఏడుస్తున్న మనిషి కళ్లకు కుక్క కూడా ఏడుస్తున్నట్టు కనిపించి ఉండొచ్చన్న అనుమానం మిగిలే ఉంటుంది.

ఈ అనుమానం ఊరికే కొట్టిపారేయాల్సింది కాదు. స్వీడన్‌లోని లిన్‌షోపింగ్ విశ్వవిద్యాలయం 2019లో 58 మంది యజమానుల తలవెంట్రుకల్లో, వాళ్ల కుక్కల వెంట్రుకల్లో కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను కొలిచింది. నెలల తరబడి ఒత్తిడిలో ఉన్న మనిషి పక్కన ఉన్న కుక్కలోనూ అది ఎక్కువే. ఇంట్లో అప్పులో, జబ్బో, రోజూ గొడవలో ఉంటే ఆ సెగ కుక్కకూ తగులుతుందన్నమాట.

ఎడబాటు గురించి మాట్లాడేటప్పుడు జపాన్ కుక్క హచికో పేరు రాక మానదు. టోక్యో ప్రొఫెసర్ ఉయెనో 1925 మేలో చనిపోయాక, ఆ కుక్క 1935 మార్చిలో చనిపోయేదాకా షిబుయా రైల్వే స్టేషన్‌కు వస్తూనే ఉంది. దాన్ని విశ్వాసానికి విగ్రహంగా నిలబెట్టిన లోకం ఒక సంగతి అంతగా పట్టించుకోలేదు. భద్రపరిచిన దాని అవయవాలను 2011లో పరీక్షిస్తే గుండె, ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉందని తేలింది. గుండెలో పురుగుల జబ్బు సరేసరి. బెంగ ఉన్న కుక్కకు జబ్బు ఉండకూడదన్న నియమం లేదు.

ఎవరూ పోకుండా, ఏమీ మారకుండా కుంగే కుక్కలూ ఉన్నాయి. వాటి జబ్బు పేరు గొలుసు. మేడ మీదో, పోర్టికోలోనో పొద్దుట్నుంచి రాత్రిదాకా కట్టేసి, రెండు పూటలా గిన్నె ముందుకు తోసే కుక్కకు తిండి లోటు లేదు. కానీ అది ఏం చేసినా ఏమీ మారదు. మొరిగితే తిడతారు, ఊరుకుంటే పట్టించుకోరు. పెన్సిల్వేనియా ప్రయోగంలో రెండో జట్టు కుక్కలకు ఎదురైంది సరిగ్గా ఇదే. అలాంటి కుక్క ఒకనాటికి మొరగడం మానేస్తే ఇంట్లోవాళ్లు బుద్ధొచ్చిందని సంతోషిస్తారు. చాలాసార్లు అది ఆశ వదిలేసుకోవడం.

కొట్టి నేర్పడం కూడా ఈ ఖాతాలోదే. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద జరిగి 2020లో వెలువడిన పరిశోధనలో, గొలుసు గుంజడం, అరవడం లాంటి శిక్షలతో నేర్పే శిక్షణ కేంద్రాల కుక్కల్లో ఒత్తిడి ఎక్కువ కనిపించింది. శిక్షలు ఎక్కువగా వాడే చోట తయారైన కుక్కలు బ్రిస్టల్ ప్రయోగంలాంటి గిన్నె పరీక్షలోనూ చెడునే ఎక్కువగా ఊహించాయి. తప్పు చేయని తన బిడ్డను కొట్టారని దేవతల కుక్క సరమ వచ్చి జనమేజయుణ్ని నిలదీసిన కథ మహాభారతం ఆదిపర్వంలో ఉంది. కుక్కకు తెలియని నేరానికి వేసిన శిక్ష ఏ పాఠమూ నేర్పదన్న ఈ కాలపు పరిశోధన ఆమె ఫిర్యాదుకు దూరంగా ఏమీ లేదు.

తేరుకునే దారి

మొదటి పని వేళలు. తిండి, షికారు, నిద్ర రోజూ ఇంచుమించు ఒకే వేళకు జరిగితే, తర్వాత ఏం జరగబోతోందో కుక్కకు తెలుస్తుంది. తోటి కుక్కో ఇష్టమైన మనిషో దూరమైన ఇంట్లో ఇది మరీ ముఖ్యం. మన దుఃఖంలో దాని షికారు ఎగరగొట్టకూడదు.

రెండోది ముక్కు. చాలామంది కుక్కను తిప్పడమంటే గబగబా ఒక చుట్టు తిప్పి, పని కాగానే లిఫ్టు ఎక్కించడమే అనుకుంటారు. కుక్కకు నడక కంటే వాసనే ముఖ్యం. 2019లో షార్లెట్ డ్యురాంటన్, హోరోవిట్జ్ కలిసి 20 పెంపుడు కుక్కలను తీసుకుని, సగానికి దాచిపెట్టిన తిండిని వాసనతో వెతికే ఆట, మిగతా సగానికి యజమాని పక్కన బుద్ధిగా నడిచే శిక్షణ రెండు వారాలు ఇప్పించారు. వాసన ఆట ఆడిన కుక్కలు గిన్నె పరీక్షలో ముందుకంటే వేగంగా, ఆశగా కదిలాయి. పక్కన నడిచినవాటిలో ఆ మార్పు రాలేదు. రెండింటికీ తిండి బహుమతి ఉంది. తేడా ఏమిటంటే, వాసన ఆటలో ఎటు వెళ్లాలో తేల్చుకునేది కుక్కే.

దీనికి ఖర్చు లేదు. నాలుగు అట్టపెట్టెలు బోర్లించి ఒకదాని కింద ఉడికించిన చికెన్ ముక్క పెట్టవచ్చు. పాత తువ్వాలులో కుక్క తిండి గింజలు చుట్టి ఇవ్వవచ్చు. షికారులో వారానికి రెండు మూడుసార్లయినా ఎటు వెళ్లాలో, ఏ చెట్టు దగ్గర ఎంతసేపు ఆగాలో కుక్కనే తేల్చనివ్వాలి. ఎండాకాలంలో ఇదంతా తెల్లవారుజామునే జరగాలి. తారురోడ్డు మీద మన అరచేయి కాసేపు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదమూ ఉండలేదు. 40 డిగ్రీలు దాటే హైదరాబాద్, విజయవాడ వేసవిలో చలిదేశపు హస్కీని పెంచేవాళ్లు, అది ఏసీ గదిలో నెలల తరబడి ఒరిగి ఉండడాన్ని జాతి స్వభావం అనుకోకూడదు. తిరగలేని చోట పెట్టిన ఫలితం అది.

మూడోది చిన్న చిన్న గెలుపులు. బాగా ముడుచుకుపోయిన కుక్కను మంచం కింది నుంచి లాగి షికారుకు ఈడ్చనక్కర్లేదు. 1968లో తాడు అవసరమైంది, మన చేతిలో అంతకంటే మంచి సాధనాలున్నాయి. తల తిప్పి చూస్తే ఒక ముక్క, రెండడుగులు వేస్తే ఇంకో ముక్క, తలుపుదాకా వస్తే ఒక మెచ్చుకోలు. రోజుకు అయిదు నిమిషాలు చాలు. తాను చేసిన పనికి ఫలితం వస్తోందని కుక్కకు తెలియాలి.

తిండి మానేసిన కుక్క వెనక చెంచా పట్టుకుని తిరగడం వల్ల గిన్నె అంటేనే దానికి విసుగు పుడుతుంది. కొంచెం వెచ్చచేసి, వాసన వచ్చేలా పెట్టి, పావుగంట తర్వాత మాట్లాడకుండా తీసేయడం మేలు. ముద్దు చేస్తూ చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి వేసిన కూరలు పెడితే విషమవుతుంది. చక్కెర లేని మిఠాయిల్లో వాడే జైలిటాల్ మరీ ప్రమాదం. భయపడే కుక్కను దగ్గరికి తీసుకుంటే భయం ఎక్కువవుతుందన్న పాత నమ్మకానికి ఆధారం లేదు. దీపావళి రాత్రి అది ఒళ్లోకి వస్తే రానివ్వండి.

కుక్క పోయిన ఇంట్లో మర్నాడే కొత్త కూనను తెచ్చి దిగులు తీర్చాలనుకోవడం తొందరపాటు. మిగిలిన కుక్క తిండికి, ఆటకు తిరిగొచ్చాక, దానికి కొత్త కుక్కలతో పొత్తు కుదురుతుందని బయట చూసుకున్నాక ఆలోచించవచ్చు. కూన చలాకీతనం ముసలి కుక్కకు సాయం కంటే బాధే కావచ్చు. నొప్పులున్న ముసలిదానికి జారని చాపలు పరచడం, మెట్ల దగ్గర ఆసరా ఇవ్వడం, డాక్టరు రాసిన నొప్పి మందు వేళకు వేయడం ఏ కొత్త నేస్తం కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

మందుల మాట

కుక్కల కుంగుబాటుకు అని ప్రత్యేకంగా అమెరికాలో అనుమతి పొందిన మందు ఏదీ లేదు. ఎడబాటు ఆందోళనకు క్లోమిప్రమిన్ 1990ల చివర్లోనూ, ఫ్లూఆక్సెటిన్ 2007లోనూ అనుమతి పొందాయి. రెండూ మనుషుల కుంగుబాటుకు వాడేవే. సెలిజిలిన్‌ను ముసలి కుక్కల మతిమరుపుకు వాడతారు. వీటిని ఇతర దిగుళ్లకు వాడడం డాక్టరు తన అనుభవంతో తీసుకునే నిర్ణయం.

మందు పనికిరాదని కాదు. 2015లో లింకన్ విశ్వవిద్యాలయ బృందం, ఎడబాటు ఆందోళన ఉన్న కొద్ది కుక్కలకు ఫ్లూఆక్సెటిన్‌తో పాటు ప్రవర్తన మార్చే శిక్షణ ఇస్తే అవి గిన్నె పరీక్షలో ఆశగా కదలడం మొదలుపెట్టాయని చూపించింది. మందు, శిక్షణ కలిసి ఇచ్చారన్నదే అందులో గమనించాల్సింది. మందు ఒక్కటే ఇచ్చి కుక్కను మళ్లీ గొలుసుకు కడితే ఒరిగేది తక్కువ.

జాగ్రత్తలు చాలా ఉన్నాయి. ఈ మందులు పూర్తిగా పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వారానికే ఫలితం లేదని ఆపేయకూడదు, బాగైందని ఒక్కసారిగా మానేయకూడదు. ఫ్లూఆక్సెటిన్ మొదట్లో ఆకలిని తగ్గించవచ్చు. తిండి మానేసిన కుక్కకు ఇది చిన్న సంగతి కాదు. మూర్ఛలు వచ్చే కుక్కల విషయంలో ఆలోచించి ఇవ్వాలి. మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. పిడుదులు పోవడానికి ఒంటికి పూసే అమిట్రాజ్, పైన చెప్పిన మందులతో కలిస్తే విషమించగలదు. అందుకే కుక్కకు ఏం పూస్తున్నామో, పిడుదులకు ఏ మెడబెల్టు కడుతున్నామో డాక్టరుకు తప్పక చెప్పాలి. ఇంట్లో ఎవరికో రాసిన నిద్రమాత్రో, పారాసిటమాలో, ఐబుప్రొఫెనో సొంతంగా వేయడం ప్రాణాంతకం.

ప్రశాంతత కలిగించే వాసనల పరికరాలు, మూలికల బిళ్లలు, కుక్కల కోసం సంగీతం అంగళ్లలో కొల్లలు. సంగీతం వల్ల ఆశ్రయ కేంద్రాల కుక్కలు కొంత కుదుటపడినట్టు పరిశోధనలున్నాయి, కానీ రోజూ అదే వినిపిస్తే ఆ ప్రభావం తగ్గిపోతోంది. వీటిని తోడుగా వాడుకోవచ్చు, వీటి మీదే భారం వేయకూడదు.

చట్టం ఎప్పుడో చెప్పింది

కుక్కల ప్రవర్తన వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందినవాళ్లు మన దగ్గర తక్కువ. కానీ వరసలో మొదటి మెట్టుకు, అంటే రక్తపరీక్షకు, ఎక్స్‌రేకు, వాళ్లు అక్కర్లేదు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆస్పత్రులు ఉన్నాయి, ఊళ్లల్లో పెంపుడు జంతువుల క్లినిక్కులు పెరిగాయి. రెండో మెట్టుకు కావాల్సింది నిపుణుడు కూడా కాదు, ఇంట్లో ఒక మనిషి తీరిక.

ఆ తీరిక దయతో ఇచ్చేది మాత్రమే కాదు, చట్టం అడుగుతున్నది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, మరీ పొట్టి గొలుసుతోనో బరువైన గొలుసుతోనో జంతువును అదేపనిగా కట్టి ఉంచడం నేరం. ఎప్పుడూ కట్టేసి లేదా ఇరుకులో ఉంచే కుక్కను తగినంతగా తిప్పకపోవడాన్ని అదే సెక్షన్‌లో విడిగా, కుక్క పేరు ఎత్తి మరీ, నేరంగా రాశారు. తగిన కారణం లేకుండా జంతువును వదిలేయడం కూడా అందులో ఉంది. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ అంకె చూసి నవ్వుకోవచ్చు. కానీ కుక్కకు షికారు విలాసం కాదు, హక్కు అని మన పార్లమెంటు ఆనాడే గుర్తించింది.

కుక్కకు కుంగుబాటు ఉంటుందా అన్న చర్చ శాస్త్రవేత్తలు ఇంకా చేసుకుంటూనే ఉంటారు. మనం ఆ తీర్పు కోసం ఆగనక్కర్లేదు. మీ కుక్క డల్‌గా ఉంటే ముందు చిగుళ్ల రంగు చూడండి, పిడుదులున్నాయేమో వెతకండి, డాక్టరుకు చూపించండి. ఒంట్లో ఏమీ లేదని తేలితే గత నెల రోజుల్లో దాని రోజు ఎలా గడిచిందో కాగితం మీద రాయండి: ఎంతసేపు కట్టేసి ఉంది, ఎంతసేపు ఒంటరిగా ఉంది, ఎన్నిసార్లు దాని ఇష్టం సాగింది. సగం వైద్యం ఆ కాగితంలోనే దొరుకుతుంది. ఆ కాగితం రాసే ఓపిక, అందులో తేలినదాన్ని మార్చుకునే తీరిక లేనివాళ్లు కుక్కను తెచ్చుకోకుండా ఉండడమే దానికి చేసే మేలు.